నౌపడా ఉప్పునీటి బొట్టూ, ఐదు వేల లోపు మైక్రోస్కోపూ

ముందే చెప్పేస్తున్నాను. పిల్లల సైన్సు కిట్‌లో వచ్చే మైక్రోస్కోపు కొనొచ్చు, దాంతో అంటగట్టే స్లైడ్ల పెట్టె మాత్రం దండగ. మొత్తం చదివే ఓపిక లేనివాళ్లు పెట్టె లేకుండా ఒట్టి మైక్రోస్కోపు తెప్పించుకుని, మిగిలిన డబ్బుతో కవర్‌స్లిప్పులూ (చుక్క మీద కప్పే పల్చటి గాజు బిళ్లలు), ఓ చిన్న సీసా ఇమ్మర్షన్ ఆయిలూ (100 లెన్సుకీ స్లైడుకీ మధ్య వేసే నూనె) కొనుక్కోండి.

నేను శ్రీకాకుళం జిల్లా టెక్కలిలో చిన్న ల్యాబ్ నడుపుతున్నాను. ఉద్దానం వైపు నుంచి క్రియాటినిన్ పరీక్షకు వచ్చేవాళ్లు, సీతంపేట కొండల నుంచి జ్వరంతో దిగేవాళ్లు, తెల్లారకముందే పరగడుపున షుగర్ చూపించుకోవడానికి తలుపు కొట్టే పెద్దవాళ్లు, వీళ్లతోనే రోజు అయిపోతుంది. కాబట్టి మైక్రోస్కోపులో కన్ను పెట్టడం నాకు కొత్త కాదు. ఇది మాత్రం ల్యాబ్ కోసం కొన్నది కాదు. మా మేనకోడలు తొమ్మిదో తరగతి. బళ్లో కణం పాఠం చెప్పారట, కణం నుంచే కణం పుడుతుందని. "అయితే మొదటి కణం ఎక్కడి నుంచి వచ్చినాది మావయ్యా?" అని నన్ను పట్టుకుంది. నా ల్యాబ్ మైక్రోస్కోపు దాని చేతికి ఇవ్వలేను, అది నాకు అన్నం పెట్టేది. ఆన్‌లైన్‌లో వెతికితే 'జీవం పుట్టుక, పరిణామం' అని పేరు పెట్టిన విద్యార్థుల కిట్ ఒకటి కనపడింది. మైక్రోస్కోపు, పాతిక తయారు స్లైడ్లు, ఓ చిన్న పుస్తకం, అన్నీ కలిపి ఐదు వేలకు కాస్త తక్కువ. కంపెనీ పేరు రాయను. ఇలాంటి కిట్లు రకరకాల పేర్లతో దొరుకుతున్నాయి, నేను చెప్పేది ఏ కిట్‌కైనా పనికొస్తుంది.

మైక్రోస్కోపు ఇనుప బాడీ, బరువుగా ఉంది. అది మంచిది. ప్లాస్టిక్‌వి చెయ్యి తగిలితే చాలు, బొమ్మ ఊగిపోతుంది. ఒకే కన్నుతో చూసే రకం. 4, 10, 40 లెన్సులు (అంటే అన్ని రెట్లు పెద్దవి చేసి చూపించేవి) బిగించి ఉన్నాయి, 100 లెన్సు విడిగా ప్లాస్టిక్ డబ్బీలో ఇచ్చారు. కింద ఎల్ఈడీ లైటు, పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. కరెంటు పోయినా పని ఆగదు. ఫోన్ బిగించే క్లిప్పు కూడా ఉంది, కానీ అది నా ఫోన్‌ని పట్టుకోలేక జారవిడిచింది. ఫోన్ కెమెరాని చేత్తోనే ఐపీస్ (కన్ను పెట్టే పై లెన్సు) దగ్గర పెట్టి తీస్తున్నాం, ఫొటోలు బాగానే వస్తున్నాయి.

ఇక డబ్బా మీది అంకె సంగతి. పెద్ద అక్షరాల్లో '2000 రెట్లు' అని వేశారు. అబద్ధం అనను, పనికిరాని నిజం. 100 లెన్సు మీద 20 ఐపీస్ పెడితే లెక్కకి రెండు వేలే వస్తుంది. కానీ బొమ్మ పెద్దదవడం వేరు, వివరం తెలియడం వేరు. లెన్సు మీద ఎన్.ఏ. అనే అంకె చిన్నగా చెక్కి ఉంటుంది, ఆ లెన్సు ఎంత సన్నటి వివరం చూపగలదో చెప్పేది అదే. కొనేవాళ్లు చూడాల్సింది దాన్ని. ఇందులో 40 లెన్సుకి 0.65, 100 లెన్సుకి 1.25. ఆ అంకెని వెయ్యితో గుణిస్తే ఎంత వస్తుందో అంతవరకే ఆ లెన్సుతో ప్రయోజనం. అంటే 1250 రెట్లు దాటాక పెరిగేది మసకే. తప్పు కంపెనీది కూడా కాదు, వెలుతురుది. పావు మైక్రాను కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని మామూలు కాంతి విడదీసి చూపించలేదు. ఆ 20 ఐపీస్ తీసి డబ్బాలో పడేశాను, మళ్లీ ముట్టుకోలేదు.

అసలు 40 లెన్సు, 10 ఐపీస్ కలిపి వచ్చే 400 రెట్లు చాలు. హాలండ్‌లోని డెల్ఫ్ట్ ఊళ్లో బట్టల వ్యాపారం చేసుకునే లేవెన్‌హుక్ ఒంటి లెన్సు పనిముట్లతో నీళ్లలోని సూక్ష్మజీవుల్ని చూసి, 1676లో లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. ఆయన చేసిన వాటిలో ఇప్పటికి మిగిలినవాటిలో గొప్పది కూడా 270 రెట్ల దగ్గరే ఆగింది.

నా పద్ధతిలో నేను పరీక్ష పెట్టాను. ల్యాబ్‌లో దాచుకున్న పాత మలేరియా స్మియర్ (రక్తం పల్చగా పూసి రంగు వేసిన స్లైడు) ఒకటి తెచ్చి పెట్టాను. 40 లెన్సులో ఎర్ర రక్తకణాలు గుండ్రంగా, అంచు తేటగా వచ్చాయి. మధ్య భాగం శుభ్రంగా ఉంది, అంచుల్లో బొమ్మ వంగి కాస్త నీలం చార కనపడుతుంది. ఈ ధరకి అది మామూలే. 100 లెన్సు ఆయిల్ వేసి చూస్తే ఎర్ర కణంలో ఉంగరంలా ఉండే పరాన్నజీవి కనిపించింది గానీ వెలుతురు చాలలేదు. లైటుకీ స్లైడుకీ మధ్య ఉండి వెలుతురుని పోగేసే కండెన్సర్ ఇందులో లేదు, రంధ్రాలున్న చక్రం ఒకటి మాత్రమే ఉంది. కండెన్సర్ లేకుండా 100 లెన్సు సత్తా పూర్తిగా బయటికి రాదు. జబ్బు నిర్ధారణకి ఇది పనికిరాదు. దాని కోసం ఎవరూ ఇది కొనకండి.

రంగు వేయని ప్రాణుల్ని చూడటానికి మాత్రం ఆ రంధ్రాల చక్రమే పనిముట్టు. అందరూ వెలుతురు ఎక్కువైతే బాగా కనపడుతుందనుకుని పెద్ద రంధ్రం పెడతారు, అప్పుడు అంతా తెల్లగా వెలిగిపోయి ఏమీ తెలియదు. చిన్న రంధ్రానికి తిప్పండి. గాజులాంటి ఒంటికి అంచు వస్తుంది. ఇంకో సంగతి, పెద్ద నాబ్ వదులుగా ఉండి బొమ్మ దానంతటదే ఫోకస్ జారిపోతుంటే రిపేరుకి పంపక్కర్లేదు. ఒక పక్క నాబ్ గట్టిగా పట్టుకుని రెండో పక్క నాబ్‌ని మెలితిప్పితే బిగుసుకుంటుంది. మాకు వచ్చింది వదులుగానే వచ్చింది.

ఇప్పుడు స్లైడ్ల పెట్టె దగ్గరికి వద్దాం. 1 నుంచి 25 దాకా పరిణామ క్రమంలో పేర్చామని మూత మీద రాశారు. 1వ నంబర్ అమీబా. అక్కడే నాకు చిరాకు మొదలైంది. ఒక్క కణమే ఉంది కదా అని అమీబాని మొదటి జీవి అనేయడం మన బళ్లలో పాత అలవాటు. అమీబాకి కేంద్రకం ఉంది, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా ఉంది. ఆ కుటుంబం లోకంలోకి వచ్చింది చాలా ఆలస్యంగా. భూమి వయసు 454 కోట్ల ఏళ్లు. పశ్చిమ ఆస్ట్రేలియాలో పిల్బరా అనే చోట దాదాపు 348 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన గుట్టల ఆనవాళ్లు ఉన్నాయి. వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు. కేంద్రకం ఉన్న కణాల శిలాజాలు నమ్మకంగా దొరికేది సుమారు 165 కోట్ల ఏళ్ల నాటి నుంచే. అంటే మధ్యలో నూట ఎనభై కోట్ల ఏళ్లకి పైగా ఈ భూమి బాక్టీరియాదీ, వాటి సాటివాళ్లదీ. అంత కాలాన్ని ఈ పెట్టె రెండు స్లైడ్లతో సరిపెట్టింది, 6వ నంబర్ నాస్టాక్, 7వ నంబర్ ఆసిలటోరియా.

ఆ ఏడో నంబర్ కూడా ఆసిలటోరియా కాదు. లెన్సు కింద పెడితే పొడుగాటి గదులు, గదిలో స్ప్రింగులా చుట్టుకున్న పచ్చ రిబ్బను. అది స్పైరోగైరా అనే శైవలం. దానికి కేంద్రకం, హరితరేణువు అన్నీ ఉంటాయి. చీటీ మార్చి అంటించారు. అమీబా స్లైడులో అమీబా లేనే లేదు, రంగు మరకలు ఉన్నాయి. 19వ నంబర్ 'ట్రైలోబైట్' (ఎప్పుడో అంతరించిపోయిన సముద్రపు ప్రాణి) అని ఉంటే ఇంత చిన్న స్లైడులో ఎలా పట్టిందా అని చూశాను. ఫిల్ము మీద అచ్చేసిన ట్రైలోబైట్ బొమ్మ! దాన్ని మైక్రోస్కోపులో పెడితే సిరా చుక్కలు కనిపిస్తాయి. మంచివి లేవని కాదు. ఉల్లి వేరు కొసలో కణాలు విడిపోయే స్లైడు బాగా చేశారు, హైడ్రా కూడా బాగుంది. కానీ వాటికోసం పెట్టె కొనక్కర్లేదు.

పుస్తకం పదహారు పేజీలు. మూడో పేజీలోనే "1953లో మిల్లర్ ప్రయోగశాలలో జీవాన్ని సృష్టించాడు" అని ఉంది. మా గుంట దాన్ని చదివి, "మరి దాన్ని ఇప్పుడెక్కడ పెంచుతున్నారు?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. షికాగో యూనివర్సిటీలో హెరాల్డ్ యూరీ దగ్గర చదువుకుంటున్న స్టాన్లీ మిల్లర్ చేసింది ఏమిటంటే, గాజు బుడ్లలో మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి నింపి వాటి మధ్య కరెంటు మెరుపులు కొట్టించాడు. కొద్ది రోజుల్లో నీళ్లకి రంగు వచ్చింది, అందులో గ్లైసిన్, అలనిన్ లాంటి అమైనో ఆమ్లాలు తేలాయి. అవి ప్రోటీన్లకి ఇటుకలు. ఇటుకల బండి వీధిలో దిగితే గృహప్రవేశానికి పిలవరు కదా. మిల్లర్ దాచుకున్న పాత సీసాల్ని ఆయన పోయాక కొత్త యంత్రాలతో మళ్లీ పరీక్షించారు. అగ్నిపర్వతపు ఆవిరిని పోలిన ఒక ప్రయోగం సీసాల్లో 22 రకాల అమైనో ఆమ్లాలు ఉన్నట్టు 2008లో బయటపడింది. తొలినాటి గాలిలో మీథేన్, అమ్మోనియా అంతగా ఉండేవి కావనీ, బొగ్గుపులుసు గ్యాసూ నత్రజనీ ఎక్కువనీ తర్వాత చాలామంది తేల్చారు. అయినా ఆ ఇటుకలు దొరకడానికి దారులు వేరే ఉన్నాయి. 1969లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్ దగ్గర పడిన ఉల్కలోనే డెబ్బైకి పైగా రకాల అమైనో ఆమ్లాలు ఉన్నాయి.

ఇటుకల నుంచి ఇంటికి ఎలా వెళ్లారన్నదే అసలు చిక్కు. డీఎన్ఏ చదవాలంటే ప్రోటీన్లు కావాలి, ప్రోటీన్లు కట్టాలంటే డీఎన్ఏలో రాసి ఉండాలి. విత్తు ముందా చెట్టు ముందా అన్నట్టే. దీనికి కాస్త దారి చూపించింది ఓ ఒంటికణపు చెరువు ప్రాణి. టెట్రాహైమినా అని, పారమీషియంకి చుట్టం, ఒంటినిండా నూగు. అందులోని ఆర్ఎన్ఏ (డీఎన్ఏకి చుట్టం లాంటి అణువు) ముక్క ఏ ప్రోటీన్ సాయం లేకుండా తనను తాను కత్తిరించుకుని అతుక్కుంటుందని థామస్ చెక్ 1982లో చూపించాడు. రాత పనీ, చేత పనీ రెండూ ఒకే అణువు చేయగలదన్నమాట. సిడ్నీ ఆల్ట్‌మన్‌తో కలిపి 1989లో ఆయనకి నోబెల్ ఇచ్చారు. డీఎన్ఏ, ప్రోటీన్లు రాకముందు ఆర్ఎన్ఏలే నడిపించిన కాలం ఒకటి ఉండేదన్న ఆలోచనకి ఇదే బలం. ఆ మొదటి ఆర్ఎన్ఏ ఎండి తడిసే చిన్న మడుగులో తయారైందా, సముద్రం అడుగున వేడినీటి బుగ్గల దగ్గరా అన్నది ఇంకా తేలలేదు. అలాంటి బుగ్గల్ని గాలపగోస్ దగ్గర 1977లో మొదటిసారి చూశారు. ఇందులో ఒక్క ముక్క కూడా ఆ పుస్తకంలో లేదు.

హాల్డేన్ ఫొటో మాత్రం వేశారు, కింద 'ఇంగ్లండ్ శాస్త్రవేత్త' అని. రష్యాలో ఒపారిన్ 1924లో, ఇంగ్లండ్‌లో హాల్డేన్ 1929లో, ఎవరి దారిన వాళ్లు ఒకే మాట అన్నారు. ఆక్సిజన్ లేని పాత భూమి మీద, పల్చని వేడి చారులాంటి సముద్రంలో జీవానికి కావాల్సిన పదార్థాలు వాటంతటవే కూడుకుని ఉంటాయని. అంతవరకు సరే. కానీ ఈ హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చేసి, ఇక్కడి పౌరసత్వం తీసుకుని, 1964లో భువనేశ్వర్‌లో చనిపోయాడు. తన శరీరాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిచ్చాడు. భువనేశ్వర్ నుంచి కాకినాడ అంటే మధ్యలో ఉన్నది మనమే. శ్రీకాకుళం పిల్లల కోసం అచ్చేసిన పుస్తకం కాదు గనక వాళ్లని తప్పుపట్టను, మా మేనకోడలి పుస్తకంలో మాత్రం ఆ ఫొటో పక్కన పెన్నుతో రాసిపెట్టాను.

పెట్టె మూసేసి అసలు పని మొదలుపెట్టింది చెరువు దగ్గర. మా వీధి చివర చెరువు గట్టున, మెట్ల మీద నాచు పొర నల్లటి ఆకుపచ్చలో ఉంటుంది, కాలు వేస్తే జారుతుంది. దాన్ని పుల్లతో గీకి ఓ చుక్క నీటిలో వేసి, కవర్‌స్లిప్పు పెట్టి, ముందు 10 లెన్సు, తర్వాత 40 లెన్సు. "ఇదేటి మావయ్యా, ఊగుతున్నాది!" అని అరిచింది. అదే నిజమైన ఆసిలటోరియా. సన్నటి దారం, దారం నిండా నాణేలు పేర్చినట్టు అడ్డగీతలు. కాళ్లు లేవు, తోక లేదు, అయినా దారం కొస మెల్లగా అటూ ఇటూ వంగుతూ జరుగుతుంది. లోపల చూస్తే కేంద్రకం లేదు, హరితరేణువు లేదు, కణమంతా ఒకటే పలచని నీలి ఆకుపచ్చ. చచ్చి రంగు పూసుకున్న స్లైడులో ఇది ఎన్నటికీ కనపడదు.

ఈ జాతి, అంటే సైనోబాక్టీరియా, చేసిన పని చిన్నది కాదు. ఎండతో నీటిని చీల్చి ఆక్సిజన్ వదలడం మొదలుపెట్టింది ఇవే. సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట గాలిలో ఆక్సిజన్ నిలవడం మొదలైంది. అంతకుముందు సముద్రంలో కరిగి ఉన్న ఇనుము ఆక్సిజన్‌తో కలిసి తుప్పులా అడుక్కి దిగి ఎర్రటి పట్టీల రాళ్లయింది. బైలదిల్లా నుంచి కొత్తవలస మీదుగా విశాఖకి గూడ్సు బళ్లలో దిగే ఇనుప ఖనిజం ఆ రకం రాళ్లదే. మరి నీటిని చీల్చే కత్తి ఏది అంటే, నాలుగు మాంగనీసు పరమాణువులు, ఒక కాల్షియం, అయిదు ఆక్సిజన్లు కలిసిన చిన్న గుత్తి. దాని రూపాన్ని జపాన్ వాళ్లు 2011లో స్పష్టంగా పట్టుకున్నారు. మాంగనీసు అనగానే మా మేనకోడలికి గరివిడి గుర్తొచ్చింది, వాళ్ల పెదనాన్న అక్కడే పనిచేసేవాడు. విజయనగరం గనుల్లో తవ్వేదీ, చెరువు నాచు లోపల ఎండని పనికి పెట్టేదీ ఒకే మూలకం. ఆకులన్నిటిలోనూ ఇప్పటికీ అదే గుత్తి, మార్పు లేదు.

వరి చేను గట్టు మీద వానాకాలంలో జెల్లీ ఉండల్లా తేలేది నాస్టాక్. పూసల దండలా కనిపిస్తుంది, మధ్యమధ్య ఒక్కో పూస పెద్దదిగా, పసుపు ఛాయలో, మందపాటి గోడతో ఉంటుంది. గాలిలోని నత్రజనిని పట్టే గది అది. ఆ పట్టే ఎంజైముకి ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. ఆక్సిజన్ లేని కాలంలో తయారైన పనిముట్టు మరి. అందుకని ఆ గదిలో మాత్రం ఆక్సిజన్ తయారీ ఆపేసి, గోడ దళసరి చేసుకుంది. అజొల్లా అనే నీటిమొక్క వేసే రైతులకి ఇది తెలిసిన లాభమే, అజొల్లా ఆకులో కాపురముండేది ఇలాంటి పూసల దండే.

రాళ్లలో వెతుకుదామని కూడా మా మేనకోడలు అంది. మన వైపు లాభం లేదు. టెక్కలి చుట్టుపక్కల గ్రానైటు, తూర్పు కనుమల ఖొండలైటు, చార్నొకైటు రాళ్లు, ఇవన్నీ దాదాపు వంద కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో విపరీతమైన వేడికి మగ్గినవి. ఏ ఆనవాలున్నా చెరిగిపోయి ఉంటుంది. మన రాష్ట్రంలోనే స్ట్రోమటోలైట్లు చూడాలంటే కడప జిల్లా వేంపల్లె వైపు వెళ్లాలి, అక్కడి రాళ్ల వయసు 190 కోట్ల ఏళ్ల దరిదాపు. రాయి లేకపోతే ఉప్పు ఉంది.

ఈ మైక్రోస్కోపుకి పెట్టిన డబ్బు నాకు నౌపడాలో వసూలైంది. ఎండాకాలం చివర్లో ఉప్పు మళ్లలో నీరు బాగా చిక్కబడ్డాక, కొన్ని మళ్లు లేత గులాబీ రంగుకి తిరుగుతాయి. "నీరు ఎర్రబడిందంటే ఉప్పు దిగిపోతాది బాబూ" అని అక్కడ పనిచేసే ముసలాయన చెప్పాడు. ఆయన చూపించిన మడి నుంచి చిన్న సీసాడు నీళ్లు తెచ్చాం. ఆ నీటి చుక్కలో 40 లెన్సు కింద రెండు రకాలు తేలాయి. ఒకటి కాస్త పెద్దది, కోడిగుడ్డు ఆకారం, నారింజ రంగు పట్టిన పచ్చ, ముందు రెండు తోకలు ఆడించుకుంటూ గిర్రున తిరుగుతుంది. అది డునలియెల్లా అనే శైవలం, కేంద్రకం ఉన్నదే. సైజు దాదాపు మన ఎర్ర రక్తకణమంత. రెండోది దాని చుట్టూ కనపడీ కనపడని నలుసులు, పొట్టి పుల్లలు, లెక్కపెట్టలేనన్ని. చూడగానే బాక్టీరియా అనుకుంటాం. ఎర్ర రంగుకి ముఖ్య కారణం ఆ నలుసులే, ఉప్పు లేకపోతే బతకని ఆర్కియా.

వీటిని చాలాకాలం బాక్టీరియా లెక్కలోనే వేశారు. 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ రైబోజోముల్లోని (కణంలో ప్రోటీన్లు కట్టే యంత్రాలు) ఆర్ఎన్ఏని పోల్చి చూసి, మీథేన్ తయారుచేసే కొన్ని సూక్ష్మజీవులు అసలు బాక్టీరియానే కావనీ, వేరే కొమ్మ అనీ చెప్పారు. ఉప్పు ప్రాణులు కూడా ఆ కొమ్మకే చెందుతాయని తర్వాత తేలింది. కేంద్రకం ఉన్న కణాలు, అంటే అమీబా, మర్రిచెట్టు, మనం, వంశవృక్షంలో బాక్టీరియా కన్నా వీటి వైపే ఉన్నాం.

ఇప్పుడు ఇంట్లోనే చేయగలిగిన ప్రయోగం ఒకటి. కవర్‌స్లిప్పుకి ఓ పక్క మంచినీటి బొట్టు పెట్టండి. ఎదురు పక్క బ్లాటింగ్ కాగితం ముక్క ఆనించండి. కాగితం ఉప్పునీటిని పీల్చుకుంటుంటే ఇటు నుంచి మంచినీరు లోపలికి పాకుతుంది. కన్ను తీయకండి. ముందు డునలియెల్లాలు ఉబ్బుతాయి, వాటికి గట్టి గోడ లేదు, ఒక్కొక్కటే పగిలిపోతాయి. ఆ వెనక నలుసులు కూడా కరిగిపోయినట్టు మాయమవుతాయి. గట్టి ఉప్పులోనే ఆ కణాల పైపొర నిలుస్తుంది, ఉప్పు తగ్గితే విడిపోతుంది. మనకి విషంలాంటి నీరు వాటికి ప్రాణం, మనం తాగే నీరు వాటికి చావు. మా పిల్ల దీన్ని మళ్లీ మళ్లీ చేసి చూసింది, నా బ్లాటింగ్ కాగితాలన్నీ అవగొట్టింది. ఒక జాగ్రత్త, ఉప్పునీరు లెన్సుకి తగిలితే వెంటనే తడి గుడ్డతో, ఆ తర్వాత పొడి లెన్సు కాగితంతో తుడవాలి. లేకపోతే ఇత్తడి చుట్టూ పచ్చగా చిలుము పడుతుంది.

చెరువు నీటిలోనే మరోటి దొరికింది. ఆకుపచ్చ పారమీషియం. పారమీషియం మామూలుగా రంగు లేని చెప్పు ఆకారం. దీని కడుపులో మాత్రం పచ్చటి గుండ్రాలు వందలకొద్దీ. అవి క్లోరెల్లా శైవలాలు, బతికే ఉంటాయి. మింగింది గానీ అరిగించుకోలేదు, అవి లోపల చక్కెర వండి పెడతాయి, ఇది వాటిని ఎండలోకి మోసుకెళుతుంది. మన మైటోకాండ్రియాలు కూడా ఇలాగే ఒకప్పుడు బయట బతికిన బాక్టీరియా అనీ, హరితరేణువులు ఒకప్పటి సైనోబాక్టీరియా అనీ 1967లో లిన్ మార్గులిస్ వ్యాసం రాస్తే, అంతకుముందు డజనుకి పైగా పత్రికలు తిప్పి పంపేశాయి. నాకు ఈ సంగతి ల్యాబ్‌లోనే రోజూ ఎదురవుతుంది. మలేరియా పరాన్నజీవి లోపల అపికోప్లాస్ట్ అని ఓ సంచి ఉంటుంది, మన మైక్రోస్కోపుకి కనపడదు. ఏనాడో ఎర్ర శైవలాన్ని మింగి దాచుకున్న హరితరేణువు మిగులు అది. ఇప్పుడు పచ్చదనం లేదు, ఎండతో పని లేదు, అయినా అది లేకపోతే ఆ జీవి బతకదు. డాక్సీసైక్లిన్ బాక్టీరియా మందు కదా, మలేరియా మీద ఎందుకు పనిచేస్తుందని అడిగితే జవాబు ఇదే. ఆ సంచిలోని రైబోజోములు ఇంకా బాక్టీరియా రకమే.

అమ్మినవాళ్ల సర్వీసు గురించి రెండు ముక్కలు. వచ్చిన డబ్బాలో అద్దం పగిలి ఉంది. ఫోన్ చేస్తే, లైటు ఉంది కదా అద్దం ఎందుకు అన్నారు. నిజమే గానీ డబ్బులు తీసుకున్నది రెండింటికీ. ఫొటోలు పంపాక, ఓ వారానికి కొత్త అద్దం పంపారు. చీటీ మారిన స్లైడు సంగతి చెబితే, "పిల్లలకి తేడా తెలియదు సార్" అన్నాడు ఆ అబ్బాయి. అద్దం పగలడం కన్నా ఆ మాటే నాకు మండింది. పిల్లలకి తేడా తెలియాలనే కదా కొన్నది.

ఎవరికి పనికొస్తుందంటే, ఏడో తరగతి దాటిన పిల్లలున్న ఇంటికి, ల్యాబ్ గది తాళం ఎప్పుడూ తీయని బళ్లకి. మరీ చిన్నపిల్లలకి వద్దు, 40 లెన్సుని కిందికి దించి స్లైడు పగలగొడతారు. బడ్జెట్ ఇంకో రెండు మూడు వేలు పెంచగలిగితే కండెన్సర్ ఉన్నదీ, స్లైడుని స్క్రూలతో జరిపే స్టేజీ ఉన్నదీ చూసుకోండి. చేత్తో జరుపుతుంటే పారమీషియం వెంట పరిగెత్తలేం. నా మార్కులు మైక్రోస్కోపుకి అయిదుకి నాలుగు, స్లైడ్లకి ఒకటి, పుస్తకానికి సున్నా, హాల్డేన్ ఫొటోకి అర.

ఇంకొక్క విషయం. మన తీరంలో గాలి చెమ్మ. నాలుగు నెలలు వాడకుండా అలమారలో పెడితే లెన్సు లోపల బూజు పడుతుంది, సాలెగూడులా అల్లుకుని గాజునే తినేస్తుంది, తర్వాత తుడిచినా మచ్చ పోదు. బూజు వంశంలో చెట్ల కన్నా మనకే దగ్గర చుట్టం, కానీ ఈ చుట్టాన్ని గడప తొక్కనివ్వకండి. మందుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు ఏ మెడికల్ షాపు వాళ్లని అడిగినా ఇస్తారు, నాలుగు వేసి, మూత బిగుతుగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. రంగు మారే రకమైతే రంగు మారగానే మార్చండి.